మన శరదృతువులో ఎర్రాకు ఎక్కడుంది? మీ ఇంట్లో శరత్తు గుర్తులు చెప్పండి

పారిజాతం (విజయవాడ)
అక్టోబర్ 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఒక సాయం కావాలి. విషయం చిన్నదే కానీ రెండు రోజులుగా మా ఇంట్లో ఇదే చర్చ. మా పాప నాలుగో తరగతి. బడిలో 'ఆటమ్ సీజన్' మీద బొమ్మ గీసుకురమ్మన్నారు. పాప బుద్ధిగా కూర్చుని ఒక ఎర్ర చెట్టు, ఒక నారింజరంగు చెట్టు, కింద ఆకుల కుప్ప, కుప్ప మీద మెడకి మఫ్లర్ చుట్టుకున్న ఒక పిల్ల, అన్నీ వేసింది. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూసి "ఏ ఊరే ఇది? చెట్లకేమైనా తెగులొచ్చిందా?" అన్నారు. "శరదృతువు మామ్మా" అంది పాప. ఆవిడ పాపని చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్లి, "ఇప్పుడు నడుస్తోంది శరదృతువే, ఏదీ ఒక్క ఎర్రాకు చూపించు" అన్నారు. వేపచెట్టు పచ్చగా ఉంది, పక్కింటి మునగ పచ్చగా ఉంది, ఎదురింటి మామిడైతే నిగనిగలాడుతోంది. పాప పది నిమిషాలు వెతికి వెతికి చివరికి కింద ఆపి ఉన్న ఎర్ర స్కూటర్ చూపించింది.

బొమ్మ ఇవ్వడానికి వచ్చే నెల మొదటివారం దాకా టైముంది. అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో, మీ వీధిలో శరత్తు వచ్చిందని మీకు దేన్ని చూస్తే తెలుస్తుంది? మీ కంటితో చూసింది చెప్పండి, పాపతో అదే గీయిస్తాను. మా అత్తగారి ఓటు పారిజాతాలకి. తెల్లారేసరికి చెట్టు కింద నేలంతా తెల్లగా పరుచుకుంటాయి, పైగా కాడ నారింజరంగు కాబట్టి పాప కొత్తగా కొన్న రంగు పెన్సిల్ వృథా పోదట.

కార్తెలపంతులు (తెనాలి దగ్గర)
అక్టోబర్ 14, రాత్రి 10:05

అమ్మా పారిజాతం, ముందు మీ అత్తగారికి నా నమస్కారం చెప్పు. ఆవిడ అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న.

మనకి ఆశ్వయుజం, కార్తీకం కలిస్తే శరత్తు. ఆకులు రాలేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. టేకు, మోదుగ, ఇప్ప అప్పుడు చూడు, మోడులై నిలబడతాయి. నేలలో తడి తగ్గిపోతుంది కాబట్టి ఉన్న నీళ్లు కాపాడుకోవడానికి చెట్టు ఆకుల్ని వదిలించుకుంటుంది. చలిదేశాల్లో లెక్క వేరు. పగటి వెలుగు తగ్గి చలి మొదలవగానే ఆకులో పత్రహరితం విరిగిపోయి, దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంది. ఇప్పుడు మన నేల వానలు తాగి నిండుగా ఉంది, మన చెట్టుకి ఆకు రాల్చాల్సిన అవసరం ఏముంది?

ఇంకో సంగతి పాపకి తప్పకుండా చెప్పు. నన్నయగారి మహాభారతం అరణ్యపర్వంలో ఆగిపోయిన చోటు శరత్కాలపు రాత్రి వర్ణనే. ఆ పద్యంలో చుక్కలున్నాయి, కలువల వాసన మోసుకొచ్చే గాలి ఉంది, కర్పూరం పొడిలాంటి వెన్నెల ఉంది, రాలిన ఆకు ఒక్కటి లేదు. ఎర్రన అక్కడి నుంచి అందుకుని శరత్కాలపు ఉదయంతో మొదలుపెట్టాడు. ఒకాయన రాత్రి దగ్గర ఆపితే ఇంకొకాయన తెల్లవారుజాముతో ఎత్తుకున్నాడు, ఆ మధ్యలో రెండు వందల యాభై ఏళ్లకు పైగా గడిచిపోయాయి. నలభై ఏళ్లు బడిలో ఈ మాట చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఒళ్లు జలదరించింది.

ఇక మా పొలం సంగతి. ఇప్పుడు నడుస్తోంది చిత్త కార్తె. వరి పొట్ట మీదుంది, కొన్ని చేలు ఈనుతున్నాయి. మా నాన్న అనేవాడు, "చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే అనూరాధలో అడిగినంత పండుతాను" అందట వరి. విశాఖ విసరడం అంటే గాలి. పూత మీద, పాల మీద ఉన్న వరిని గాలి కొడితే గింజ తాలు పోతుంది. అందుకే నాకు శరత్తు అంటే పొద్దున్నే గట్టు మీద నిలబడి తూర్పు ఆకాశాన్ని చూడటం. రేడియోలో బంగాళాఖాతం అన్న మాట వినపడితే మా ఆవిడ కాఫీ కలపడం ఆపి మరీ వింటుంది.

గునుగుపువ్వు (హనుమకొండ)
అక్టోబర్ 15, ఉదయం 7:48

పారిజాతం అక్కా, నీ బిడ్డకు రంగులే కావాలంటే మా దగ్గరికి తోలు. ఎర్రాకు ఎందుకు, మా దగ్గర పువ్వుల గుట్టలే ఉన్నయి. మొన్ననే సద్దుల బతుకమ్మ చేసుకున్నం, ఇంక ఇల్లంతా గునుగు నూగే. పొద్దున ఊడ్చిన, మళ్లా ఇప్పుడు సోఫా కింద కనపడుతున్నది.

శరత్తు ఎట్ల వస్తదో చెప్త విను. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమాస ముందురోజు మా అన్నయ్య, మా ఆయన, ఇద్దరూ బండేసుకుని పూలకు పోతరు. పోయేటప్పుడు "గంటలో వస్తం" అంటరు. మూడు గంటలకు వస్తరు, మోకాళ్లదాకా బురద, బండి మీద మనుషులు కనపడరు, తంగేడు పువ్వే కనపడుతది. గునుగు కోసుకచ్చి, కట్టలు కట్టి, సగం తెల్లగ ఉంచి సగానికి రంగులద్దుతం. నా చేతులు నాలుగు రోజులు గులాబీరంగే. ఆఫీసులో ఎవ్వరూ ఏమైందని అడగరు, అందరి చేతులూ అట్లనే ఉంటయి.

తాంబాలంలో గుమ్మడాకు పరిచి, మీద తంగేడు, గునుగు, బంతి, కట్లపువ్వు వరుసలు వరుసలు పేర్చుకుంట పోతుంటే నడుములు పడిపోతయి, కానీ మధ్యల ఎవరన్నా వచ్చి "ఇంక చాలు" అంటే కోపం వస్తది. పక్కింటి బతుకమ్మ ఎత్తు ఎంతో కిటికీల నుంచి చూసి, ఇంకో రెండు వరుసలు పెంచుతం. అది అందరం చేస్తం, అందరికీ తెలుసు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు. మా చిన్నోడికి ఆరేండ్లు, "అలిగితే పూలు పెట్టరా?" అని అడిగిండు. పెట్టరు నాన్నా అంటే, ఆ రోజు సాయంత్రం వాడు హోంవర్క్ ముందల కూసొని "నేనూ అలిగిన" అన్నడు.

తంగేడు, జమ్మి, పాలపిట్ట, మూడూ మా రాష్ట్రపు గుర్తులే, మూడింటికీ పని పడేది ఈ పదిహేను రోజుల్లోనే. ఇంతకన్న శరత్తు ఏం కావాలె?

ఫ్యాన్_రెండుమీద (హైదరాబాద్)
అక్టోబర్ 15, ఉదయం 9:30

మా ఇంట్లో శరత్తు ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర మొదలవుతుంది. నాన్నకి ఐదు మీద ఉండాలి, అమ్మకి రెండు మీద ఉండాలి. రాత్రి పదకొండింటికి ఐదు. ఒంటిగంటకి అమ్మ లేచి రెండు. రెండింటికి నాన్న దోమలంటూ మళ్లీ ఐదు. తెల్లవారుజామున నాలుగింటికి ఇద్దరూ దుప్పట్లో ముడుచుకుపోయి ఉంటే నేను లేచి ఆపేస్తాను. పొద్దున్న టీ తాగుతూ ఇద్దరూ ఒకేసారి "రాత్రి కరెంటు పోయిందా?" అంటారు. నేను పోయిందనే చెప్తాను, ఇంట్లో శాంతి ముఖ్యం.

ఇంకొకటి, కొబ్బరినూనె సీసా. బాత్రూం అద్దం దగ్గర ఉండే సీసాలో నూనె అంచుల్లో తెల్లగా పేరుకోవడం మొదలైతే తాతయ్య మంకీ క్యాప్ బయటికొస్తుంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కాబట్టి తాతయ్యది మంచి లెక్కే. టీవీలో వాతావరణం చెప్పినా ఆయన వెళ్లి సీసా వంచి చూసి వచ్చి, అప్పుడు టోపీ సంగతి తేలుస్తాడు.

ఎడిసన్_కోడలు (న్యూజెర్సీ)
అక్టోబర్ 16, ఉదయం 6:15

పారిజాతం గారూ, మీ పాప గీసింది మా ఇల్లండీ! ఎర్ర చెట్టు మా ముందు మేపుల్, నారింజ చెట్టు ఎదురింటిది, ఆకుల కుప్ప కూడా సరిగ్గా మా వాకిట్లోదే. కుప్ప మీద పిల్ల బదులు మా అత్తగారిని వేస్తే ఫొటో తీసినట్టే.

మా అత్తగారు ఆరునెలలు ఉందామని ఎండాకాలంలో గుడివాడ నుంచి వచ్చారు. తెల్లారి లేచి వాకిలి ఊడవకపోతే ఆవిడకి కాఫీ దిగదు. జులై, ఆగస్టుల్లో ఊడవడానికి ఏమీ లేక దిగులుపడ్డారు. సెప్టెంబర్ చివర్లో మొదటి ఆకు పడింది. ఆ రోజు ఆవిడ మొహం చూడాల్సింది. ఇండియన్ స్టోరులో చీపురు కొనిపించుకుని, స్వెట్టర్ మీద చీర కొంగు బిగించి, మెట్ల దగ్గర మొదలుపెట్టి రోడ్డు దాకా ఊడ్చుకుంటూ వెళ్తారు. వెనక్కి తిరిగేసరికి ఊడ్చిన చోటంతా మళ్లీ ఆకులు. మళ్లీ మెట్ల దగ్గరికి. మొన్న ఆదివారం నాలుగు రౌండ్లు తిరిగారు. చివరికి చెట్టు కింద నిలబడి, తల పైకెత్తి, "ఇంకా ఎన్నున్నాయో ఒకేసారి రాల్చెయ్యమ్మా, నేను మళ్లీ రాలేను" అని దానికే చెప్పారు.

పక్కింటి అమెరికన్ పెద్దాయన ఇదంతా కిటికీలోంచి చూసి, గాలి ఊదే మిషన్ పట్టుకొచ్చాడు, తను ఊదిపెడతానని. ఆ చప్పుడుకి ఆవిడ చెవులు మూసుకుని వద్దని చెయ్యి ఊపారు. మర్నాడు పొడుగు పళ్ల కర్ర ఒకటి తెచ్చి గుమ్మం పక్కన పెట్టి వెళ్లాడు. అది ఆవిడకి నచ్చింది. సాయంత్రం డబ్బాలో జంతికలు పోసి ఇచ్చి వచ్చారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇప్పుడు పొద్దున్నే ఇటు ఆవిడ, అటు ఆయన, ఎవరి ఆకులు వాళ్లు లాగుకుంటూ మధ్యలో చెట్లని చూపించుకుని తలలూపుకుంటారు. మా టౌన్‌లో ఆకులు కాగితం సంచుల్లో నింపి రోడ్డు పక్కన పెడితే బండొచ్చి తీసుకెళ్తుంది. మా సంచులూ ఆయన సంచులూ ఆవిడ లెక్కపెడతారు. నిన్న మనవి పదకొండు, ఆయనవి తొమ్మిది.

బతుకమ్మకి మాత్రం తంగేడు, గునుగు ఇక్కడెక్కడివి? ఈ సీజన్లో కుండీల్లో అమ్మే చామంతులు, బంతులు తెచ్చి చేశాం. మా వరంగల్ స్నేహితురాలు పేరుస్తుంటే నేను అందించాను. గునుగుపువ్వు గారూ, ఎండబెట్టిన గునుగు ఎవరైనా వచ్చేవాళ్లతో పంపగలరా అని అడగమంది.

గునుగుపువ్వు (హనుమకొండ)
అక్టోబర్ 16, మధ్యాహ్నం 1:10

ఎండబెట్టిన గునుగు రెండు కట్టలు పక్కన పెట్టిన చెల్లె. కానీ పూలూ గింజలూ అక్కడికి తేనిస్తరో లేదో ముందు కనుక్కొమ్మను, లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసి పడేస్తరు. మీ అత్తమ్మను అడిగినట్టు చెప్పు, పన్నెండో సంచి నిండిందా?

భీమిలి_అలలు (విశాఖపట్నం)
అక్టోబర్ 17, రాత్రి 8:40

పంతులుగారన్నట్టు మనకి శరత్తులో ఆకులు రాలవు. ఒక్కసారి రాలాయి. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను.

సరదా చర్చలో ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను, కానీ మా ఊరివాళ్లకి అక్టోబర్ అంటే ముందు అదే గుర్తొస్తుంది. ఆ రోజు పొద్దుటి నుంచి గాలి. అద్దాలు పగిలే చప్పుడు, ఎక్కడో రేకు కొట్టుకుంటున్న చప్పుడు. మర్నాడు తలుపు తీస్తే వీధిలో చెట్టన్నది నిలబడి లేదు, నిలబడినవాటికి ఆకు లేదు. కైలాసగిరి కొండ ఎప్పుడూ పచ్చగా చూసినవాళ్లం, కాల్చినట్టు గోధుమరంగులో ఉంది. మా అమ్మ కొండవైపు చూసి మాట్లాడకుండా చాలాసేపు నిలబడింది.

రోజుల తరబడి కరెంటు లేదు. మా అపార్టుమెంటులో అప్పటిదాకా లిఫ్టులో తల వంచుకుని వెళ్లిపోయేవాళ్లం అందరం, మెట్లెక్కుతూ దిగుతూ పేర్లు తెలుసుకున్నాం. మూడో అంతస్తు పిన్నిగారి ఫ్రిజ్‌లో పాలు, పెరుగు, ఇడ్లీపిండి పాడైపోతాయని మొత్తం వండేసి అందర్నీ పిలిచారు. కొవ్వొత్తుల వెలుగులో ఇరవై మందిమి మెట్ల మీద కూర్చుని ఇడ్లీలు తిన్నాం. అంత రుచిగల ఇడ్లీ నేను మళ్లీ తినలేదు. కొన్ని వారాలకి మోడుల నిండా లేత చిగుళ్లు వచ్చాయి. శరత్తులో ఆకురాలడం, వెంటనే వసంతం, రెండూ ఆ ఏడు చూశాం.

పాప కోసం ఒక మంచి మాట. మా వీధిలో నాటు బాదంచెట్టు ఉంది. దాని ఆకు రాలేముందు ముదురు ఎరుపుకి తిరుగుతుంది, ఏడాది పొడుగునా ఒకటీ అరా ఎర్రాకు దొరుకుతూనే ఉంటుంది. మీ చుట్టుపక్కల బాదంచెట్టు ఉందేమో చూడండి. ఎర్ర స్కూటర్ కంటే మెరుగు కదా.

పారిజాతం (విజయవాడ)
అక్టోబర్ 18, సాయంత్రం 5:55

దొరికిందండీ! వెనక వీధిలో బాదంచెట్టు కింద, అరచేయంత ఎర్రాకు, మధ్య ఈనె పసుపుగా. పాప దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఊరేగింపుగా ఇంటికి తెచ్చింది. మా అత్తగారు చూసి "సరే, ఒకటి ఒప్పుకున్నాను" అన్నారు. ఆకు ఇప్పుడు పంచాంగంలో పెట్టి ఉంది, కార్తీకమాసం పేజీలో.

భీమిలి అలలు గారూ, ఇడ్లీల సంగతి మా ఇంట్లో పైకి చదివి వినిపించాను. మావారు విని, కింది ఫ్లాటు వాళ్ల పేరేంటని నన్ను అడిగారు. ఎనిమిదేళ్లుగా ఉంటున్నాం.

ఈ వారాంతం అట్లతద్ది. ఇల్లంతా గోరింటాకు వాసన. తెల్లవారకముందే లేచి పెరుగన్నం తినాలి, పాప అలారం తనే పెట్టుకుంది, తనే ఆపుకుంటుంది కూడా, నాకు తెలుసు.

సీతాఫలం_గంప (మహబూబ్‌నగర్)
అక్టోబర్ 19, ఉదయం 10:22

ఇంతమంది మాట్లాడిండ్రు, ఒక్కరూ సీతాఫలం పేరెత్తలేదు. నాకు మనసు కలుక్కుమంది.

అన్నా, అక్కా, శరత్తు అంటే సీతాఫలమే. మా బాలానగర్ పేరు మీదనే ఒక రకం ఉంది. దసరా నుంచి దీపావళి దాకా రోడ్డు పక్కన గంపలు గంపలు పెట్టుకుని కూర్చుంటరు. ఏ కాయ ఎన్నడు పండుతదో చెప్పేది కన్ను. గీతలు విచ్చుకుని లోపల లేత పసుపు కనపడితే కన్ను తెరిచింది అంటం. అట్లాంటివి తెచ్చి బియ్యం డబ్బాలో పెడితే రెండు, మూడు రోజులకు మెత్తబడతయి.

అసలు కష్టం ఆ మూడు రోజులే. మా ఇంట్లో ఆరుగురం. ప్రతి ఒక్కరూ డబ్బా మూత తీసి ప్రతి కాయనూ ఒక్కసారి ఒత్తి చూస్తరు. పొద్దున నాన్న ఒత్తుతడు, బడికి పోతూ పిల్లలు ఒత్తుతరు, అన్నానికి బియ్యం తీసుకుంటూ అమ్మ ఒత్తుతది. మూడో రోజుకు కాయ పండిందో, ఒత్తుళ్లకు మెత్తబడిందో ఎవ్వరికీ తెల్వది. ఈసారి మా నానమ్మ డబ్బా మీద పీట వేసుకుని కూసుంది. ఆమె కూసున్న రెండు రోజులు ఇంట్లో అన్నం వండాలంటే ముందు ఆమెను లేపాలె.

పండు తినేటప్పుడు మాటలుండవు. గింజలు ఉమ్ముకుంట, గిన్నె ఒళ్లో పెట్టుకుని, అందరం గోడకు ఆనుకుని కూసుంటం. టీవీ ఉన్నా ఎవరూ చూడరు.

సిడ్నీ_సుబ్బు
అక్టోబర్ 20, ఉదయం 6:05

మీరందరూ ఎర్రాకు కోసం వెతుకుతుంటే ఇక్కడ మాకు రుతువులే తలకిందులు. మాకిప్పుడు వసంతం. దసరాకి చెట్లు చిగురించాయి, ఇంకొన్నాళ్లలో వీధులన్నీ జకరండా పూలతో ఊదారంగు అయిపోతాయి. ఆకులు రాలేది ఏప్రిల్, మే నెలల్లో. అంటే ఉగాదికి! కొత్త చిగుళ్లు, మావిడిపూత అని పంచాంగ శ్రవణంలో వింటూ కిటికీలోంచి చూస్తే బయట ఆకులు రాలడానికి సిద్ధంగా ఉంటాయి.

కోయిల కూడా ఇక్కడ సెప్టెంబర్, అక్టోబర్‌లో వస్తుంది. రాత్రి మూడింటికి మొదలుపెట్టి తెల్లారేదాకా కూస్తుంది. చుట్టుపక్కలవాళ్లు నిద్ర లేక దాన్ని తిట్టుకుంటారు. కిందటేడు మా అమ్మ వచ్చినప్పుడు మొదటిరోజు రాత్రి అది కూసింది. అమ్మ చీకట్లోనే లేచి వచ్చి నా తలుపు కొట్టి, "కోయిల రా! నీకు వినపడుతోందా?" అని అడిగింది. ఇద్దరం వరండాలో కూర్చుని విన్నాం. "దసరాకి కోయిలేమిట్రా, దీనికి పంచాంగం ఎవరూ చెప్పలేదా" అంటూనే తెల్లారేదాకా కదల్లేదు.

ఎడిసన్_కోడలు (న్యూజెర్సీ)
నవంబర్ 3, రాత్రి 8:30

అందరికీ ఆలస్యంగా దీపావళి శుభాకాంక్షలు. ఈసారి హాలోవీన్, దీపావళి ఒకే రోజు పడ్డాయి. గుమ్మంలో ప్రమిదలు, పక్కనే గుమ్మడికాయ, ముసుగులేసుకుని పిల్లలొస్తే చాక్లెట్లతో పాటు అత్తగారు అరిసెలు కూడా ఇచ్చారు. ఒక అస్థిపంజరం రెండోసారి అరిసె కోసం వచ్చింది.

వండేవాళ్లకి ఒక మాట. బొమ్మలు చెక్కే ఆ పెద్ద నారింజరంగు గుమ్మడికాయతో దప్పళం పెట్టకండి. చవగ్గా వచ్చిందని నేను పెట్టాను. పీచు, నీళ్లు, తీపి లేదు. అత్తగారు ఒక ముద్ద తిని, "పాపం, ఇది చూడ్డానికే పుట్టింది" అన్నారు.

ఇవాళ గడియారాలు గంట వెనక్కి తిప్పాం. రేపు కార్తీక సోమవారం, ఆవిడకి ఉపవాసం, చుక్క కనపడ్డాకే భోజనం. పొద్దు అయిదు లోపలే గూట్లో పడుతుంది.

సిడ్నీ_సుబ్బు
నవంబర్ 4, మధ్యాహ్నం 2:50

ఎడిసన్ చెల్లాయ్, నీ మాట మా ఆవిడకి చదివి వినిపించి తప్పు చేశాను. ఇక్కడ సూర్యుడు ఏడున్నరకి గానీ దిగడు. ఆరింటికి ఎండ, ఏడింటికి ఎండ. మా ఆవిడ వంటంతా చేసి బల్ల మీద సర్ది, కుర్చీ కిటికీవైపు తిప్పుకుని సూర్యుణ్ణి చూస్తూ కూర్చుంది. ఎనిమిదికి మొదటి చుక్క. మా అబ్బాయి "కనిపించింది" అని అరిచేసరికి నేను నిజంగా దండం పెట్టాను.

పారిజాతం (విజయవాడ)
నవంబర్ 4, సాయంత్రం 6:25

డాబా మీద నుంచి రాస్తున్నాను. మబ్బు. పూర్తిగా మబ్బు. అత్తగారు పొద్దుటి నుంచి ఒక గ్లాసు పాలు మాత్రమే తాగారు. ఆవిడతో పాటు కింది ఫ్లాటు శాంతమ్మగారు (పేరు తెలుసుకున్నాం), ఎదురింటి మామ్మగారు, ముగ్గురూ మూడు దిక్కులు పంచుకుని చూస్తున్నారు. పాప "చుక్క మామ్మా!" అని ఎగిరింది. ముగ్గురూ చేతులు జోడించారు. చుక్క మెల్లగా కదిలి గన్నవరం వైపు దిగిపోయింది. విమానం.

తర్వాత పడమట మబ్బు కాస్త విడితే ఒకటి ధగధగలాడుతూ కనిపించింది. అది శుక్రుడట, గ్రహమట, మావారు ఫోనులో చూసి చెప్పారు. గ్రహం చెల్లుతుందా చెల్లదా? ముగ్గురిలో రెండు అభిప్రాయాలున్నాయి. పంతులుగారూ, తొందరగా చెప్పండి, పులిహోర చల్లారిపోతోంది.

ఫ్యాన్_రెండుమీద (హైదరాబాద్)
నవంబర్ 4, సాయంత్రం 6:28

ఫోను ఆకాశం వైపు పెడితే మబ్బు వెనకున్న చుక్కలు కూడా చూపించే యాప్ ఉందండీ. అందులో చూస్తే సరిపోదా?

కార్తెలపంతులు (తెనాలి దగ్గర)
నవంబర్ 4, సాయంత్రం 6:31

యాప్ వద్దు నాయనా. అమ్మా, చుక్కలు కనపడే వేళ దాటిపోయింది, మబ్బు పట్టడం ఆవిడ తప్పు కాదు. దీపం పెట్టి భోజనం చేయమను. ఈ వయసులో ఖాళీ కడుపుతో మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త, చెయ్యి పట్టుకో.

ఇక్కడా తూర్పున మబ్బే. రేడియో పెట్టుకుని కూర్చున్నాం. గాలి లేదు, అది చాలు. చేలు పాలు పోసుకుంటున్నాయి.

పారిజాతం (విజయవాడ)
నవంబర్ 4, రాత్రి 7:40

మీ మెసేజ్ చదివి చెప్పాను. సరేనని ముగ్గురూ లేచారు. మెట్ల దగ్గరికి వచ్చాక అత్తగారు ఒక్కసారి ఆగి వెనక్కి చూశారు. నడినెత్తిన, రూపాయి బిళ్లంత మబ్బు ఖాళీలో, ఒక్కటే చుక్క. ఎవరూ అరవలేదు. పాప ముందుగా దండం పెట్టింది.

ఎడిసన్_కోడలు (న్యూజెర్సీ)
నవంబర్ 5, ఉదయం 4:20

ఇక్కడ సాయంత్రం అయిదున్నరకే చుక్క వచ్చేసింది! అత్తగారు మాత్రం నమ్మట్లేదు, ఇంత తొందరగా వస్తే అది ఉపవాసమేనా అని ఇంకో అరగంట కూర్చున్నారు.

పారిజాతం (విజయవాడ)
నవంబర్ 8, సాయంత్రం 4:45

బొమ్మ ఇచ్చేశాం. ఏం గీసిందో చెప్పాలి కదా.

డాబా. ముగ్గురు మామ్మలు, ముగ్గురి తలలూ పైకి. మధ్యలో మా అత్తగారు, చీర మీద పారిజాతాలు, కాడలకి నారింజరంగు. పైన ముదురు నీలం మబ్బు, మబ్బులో ఒక చిల్లు, చిల్లులో చుక్క. ఒక మూల విమానం, దాని మీద అడ్డంగా గీత కొట్టేసింది, ఇది కాదు అని. పిట్టగోడ మీద సీతాఫలం, దాని మీద ఎవరిదో వేలు. కింది భాగంలో పంచాంగంలోంచి తీసిన బాదం ఆకు, నిజమైనదే, జిగురుతో అంటించింది.

టీచరుగారు చూసి "బాగుంది, మరి ఇందులో ఆటమ్ ఎక్కడుంది?" అని అడిగారట. మా పాప మామ్మని చూపించి, "మామ్మకి ఆకలేస్తోంది కదా మేడమ్, అందుకే చుక్క కోసం చూస్తోంది" అందట. క్లాసులో ఇంకో నలుగురు పిల్లలు లేచి, మా మామ్మ కూడా, మా అమ్మమ్మ కూడా అన్నారట.

గునుగుపువ్వు (హనుమకొండ)
నవంబర్ 8, సాయంత్రం 5:02

అక్కా, ఆ బొమ్మ ఫొటో పెట్టు. వచ్చే ఏడు బతుకమ్మకు బిడ్డను తీసుకుని మా ఇంటికి రా, పూలకు నేనే తీసుకపోత, గంటలో వచ్చేస్తం.